కోసేది, మోసేది

మా కోనసీమలో కొబ్బరికాయలు కోయడమనరు, దింపు తీయడమంటారు. కాయను కోసి కిందికి పడేయడం పెద్ద పని కాదు, ఎక్కిన మనిషి మళ్ళీ మనిషిగా దిగిరావడమే అసలు పని అన్న ఎరుక ఆ మాటలో ఉందేమోనని నాకొక అనుమానం (భాషావేత్తలు క్షమింతురు గాక!). ఈ టపా ఆ దింపు గురించి, ఆ పనిని ఒంటిచేత్తో చేసుకు బ్రతికేవాడి పనిముట్ల గురించి.

మా పెరట్లో ఎనిమిది చెట్లున్నాయి. రెండు నెలలకొకసారి వచ్చి దింపు తీసే బాబాయి ఒకాయన ఉండేవాడు. ముందు సైకిలు, తరువాత మోపెడ్. ఆ మోపెడ్‌ను చూడడమే ఒక వేడుక. వెనుక సీటు పీకేసి, ఇనుప చట్రం వెల్డింగు చేయించి, దానిమీద నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్మును నిలువునా చీల్చి బోల్టులతో బిగించాడు. కత్తులు, తాళ్ళు, గోనెసంచి అందులో. పక్కన ఆరడుగుల పీవీసీ గొట్టం, అందులో దోటి ముక్కలు మూడు. ఒక ముక్కలోకి మరొకటి చొప్పించడానికి ఇనుప పొన్నులు వేయించాడు. అల్యూమినియం గొట్టమైతే తేలిక కదా అని నేనొకసారి తెలివిగా సలహా ఇస్తే, మాట్లాడకుండా వీధిలో చెట్ల నడుమ పోతున్న కరెంటు తీగల వైపు చూపించాడు. వెదురు కూడా తడిస్తే నమ్మదగింది కాదని ఆయనకు తెలుసు. వాన కురిసిన రోజున ఆ గొట్టం మూత తీసేవాడే కాదు.

కత్తి సంగతి వేరే చెప్పాలి. అది లారీ కమాను పట్టీ నుండి సాగగొట్టించినది. కమాను పట్టీ ఉక్కు పదును పట్టేదీ, పట్టిన పదును నిలుపుకొనేదీ. వంచితే వంగి మళ్ళీ నిలబడే గుణం దాని పుట్టుకలోనే ఉంది. బజారులో మెరిసే కత్తి నాలుగు చెట్లకు మొద్దుబారుతుంది. ఈ కత్తి పిడికి సైకిలు ట్యూబు రబ్బరు చుట్టి ఉండేది, చెమట చేతిలో జారకుండా. పైకెక్కేటప్పుడు నడుము వెనుక ఒక చెక్క కొక్కేనికి తగిలించుకొనేవాడు. ఇక మొవ్వులో దూరిన కొమ్ము పురుగును లాగడానికి గొడుగు ఊచను వంచి, కొసను అరగదీసి చేసుకున్న కొక్కెం ఒకటి. గెల కోయడానికి ఎక్కినవాడు పనిలో పనిగా ఎండుమట్టలు దులిపి, పురుగును లాగి, మట్టల సందుల్లో ఇసుక కలిపిన వేపపిండి పోసి దిగేవాడు. దానికి వేరే డబ్బులడిగిన గుర్తు నాకు లేదు. నేనిచ్చిన గుర్తు అంతకన్నా లేదు.

ఇలాంటి బండిని చూసిన మనవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడతారు. ఒకరు ముచ్చటపడి, "ఆహా, మనవాళ్ళ బుర్ర!" అంటారు. రెండవవారు పెదవి విరిచి, "ఇంకా ఈ కాలంలో కూడానా, మిషన్లు వచ్చాయి కదా" అంటారు. నేను చాలాకాలం రెండవ జట్టులో ఉన్నాను. ఇప్పుడు ఏ జట్టులోనూ లేను. ఎందుకో చెప్పడానికే ఈ సొద.

కేరళలో కన్నూరు జిల్లా చెంబేరికి చెందిన ఎం.జె. జోసెఫ్ అనే రైతు చెట్టెక్కే సాధనమొకటి తయారుచేశాడు. అదీ ఇంట్లో పుట్టిన పనిముట్టే, ఏ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. రెండు ఇనుప చట్రాలు, కుడికాలికొకటి, ఎడమకాలికొకటి. ఒక్కొక్కదాని నుండి ఉక్కుతాడు మానును చుట్టి వస్తుంది. ఒక కాలిమీద బరువు మోపితే ఆ చట్రం మానును గట్టిగా కరుచుకుంటుంది, బరువు తీస్తే వదులవుతుంది. వదులైన దానిని పైకి జరిపి, దానిమీద నిలబడి, రెండవదానిని జరపాలి. మెట్లెక్కినట్లే నిలబడి ఎక్కడం. మాను ఒరిసిపోదు, ఛాతీ గీసుకుపోదు. కొత్తవారు కూడా కొద్ది రోజుల్లో నేర్చుకోవచ్చు. 2011లో కొబ్బరి అభివృద్ధి బోర్డు "కొబ్బరిచెట్టు నేస్తాలు" అన్న అర్థమిచ్చే పేరుతో యువతకు శిక్షణ మొదలుపెట్టినప్పుడు ఇటువంటి సాధనాలనే వాడింది. ఆడవాళ్ళు కూడా నేర్చుకొని చెట్లెక్కారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, గొప్ప ఊహ.

ఆ వార్తలు చదివి ఉత్సాహం పట్టలేక నేనూ ఒకటి తెప్పించి బాబాయికి ఇచ్చాను. దానమిచ్చినట్లు ఇచ్చాననుకోండి. ఆయన శ్రద్ధగా నేర్చుకున్నాడు, రెండు చెట్లెక్కి చూపించాడు, మూడవ చెట్టు దగ్గర విప్పి పశువులపాకలో పెట్టి, తన కాళ్ళ బంధం వేసుకొని ఎక్కిపోయాడు. పాతబడిన వలల నైలాను పురితో పేని, గోనెపట్టా చుట్టిన చిన్న బంధమది. ఆ రోజు నాకు ఒళ్ళుమండింది. పాతకాలపు మనిషి, ఎంత చెప్పినా అంతే అని ఇంట్లో అన్నాను కూడా. రెండు నెలల తరువాత మళ్ళీ అదే జరిగితే అడిగేశాను.

"దాంతో ఎక్కితే పొద్దుగూకుతాదండి మేస్టారూ. మీరు సెట్టుకింతని ఇత్తారు గానీ గంటకింతని ఇత్తారేంటండీ?"

నాకు సమాధానం దొరకలేదు. ఆ పూట గడియారం పెట్టుకు కూర్చున్నాను. బంధంతో ఎక్కి, కోసి, దిగి, పక్కచెట్టు మొదట్లో నిలబడడానికి పట్టిన సమయంలో, సాధనంతోనైతే చట్రాలు మానుకు తగిలించి ఉక్కుతాళ్ళు సరిచేసుకొని మనిషి సగం ఎత్తుకు చేరతాడు. ఎక్కడంలో జాప్యం కొంతే. అసలు జాప్యం ప్రతి చెట్టు మొదట్లోనూ విప్పడం, మళ్ళీ బిగించడంలో ఉంది. మొదలు లావుగా ఉండి పైకి సన్నబడే చెట్టుకు మధ్యలో తాడు సర్దుకోవాలి. మాది ఒకటి గోడ మీదికి వాలిన చెట్టు, దాని సంగతి సరేసరి. రోజుకు ఎన్ని చెట్లెక్కితే అంత కూలి అన్న మనిషికి నేనిచ్చిన వస్తువు రక్షణ కాదు, కోత. అతని కూలిలో కోత. ఆ కోత ఎవరు భరించాలన్నది నేను ఆలోచించనే లేదు.

ఒంటరి పనివాడి పనిముట్టుకు మూడు పరీక్షలుంటాయని నాకు అప్పుడు అర్థమైంది. ఒక్కడే మోసుకుపోగలగాలి. చెడితే అక్కడే, ఆ పూటే, ఒక్కడే బాగుచేసుకోగలగాలి. పని వేగం తగ్గకూడదు. బాబాయి మోపెడ్ మీద ఉన్న ప్రతి వస్తువూ ఈ మూడింటిలో నెగ్గినదే. నాలుగవ పరీక్ష ఒకటుంది. తప్పిపోతే ఏమవుతుంది? దానిలో ఆ బంధం నెగ్గదు. నెగ్గదని ఆయనకూ తెలుసు.

2019 వానాకాలంలో ఆయన పడిపోయాడు. మా పెరట్లో కాదు, మరో వీధిలో. ఇంటివాళ్ళు ఊళ్ళో లేరు. గేటు తాళంచెవి ఎప్పటిలాగే ఆయనకు ఇచ్చి వెళ్ళారు, నమ్మకస్తుడు కదా. మాను మీద నాచు, రాత్రి కురిసిన వాన. దిగుతుండగా జారాడు. ఫోను మోపెడ్ మీది డ్రమ్ములో ఉంది. గోడ అవతలినుండి ఎవరో మూలుగు విని దూకి చూసేదాకా అక్కడే ఉన్నాడు. కాళ్ళమీద పడ్డవాళ్ళకు మడమ ఎముకలూ నడుము దగ్గర వెన్నుపూసా విరుగుతాయట, ఆయనకు రెండూ జరిగాయి. సగం చెట్టు మీదనుండి కనుక బ్రతికాడు. నలభై అడుగుల పైనుండి జారినవాడు ఒకటిన్నర సెకనులో నేలను చేరతాడు. అప్పటికి వేగం గంటకు 55 కిలోమీటర్లు. ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తాడు, చెట్టు ఎక్కడు.

మా పెరట్లో కాదు కదా అని ఊరటపడే హక్కు నాకు లేదు. ఆ ఇంటివాళ్ళిచ్చిన రేటూ నేనిచ్చిన రేటూ ఒకటే.

ఆ తరువాత నాకు ఏర్పడిన అభిప్రాయమిది. ఇంట్లో చేసుకున్న పనిముట్లన్నిటినీ ఒకే గాటన కట్టి మెచ్చుకోరాదు, ఒకే గాటన కట్టి తీసివేయనూరాదు. కోసేది ఇంట్లో చేసుకోవచ్చు. మోసేది చేసుకోరాదు. కత్తి, దోటి, కొక్కెం, బండి, ఇవన్నీ పనివాడి చేతి కొలతకు తయారైతేనే బాగుంటాయి, అవి విఫలమైతే ఒక పూట పని పోతుంది. ఒంటి బరువు మోసే తాడు, పట్టీ, కొక్కెం అలా కాదు. నైలాను తాడు ఎండలో నానాటికీ బలం కోల్పోతుంది, అది కంటికి కనబడదు. ముడి వేసిన చోట ఏ తాడైనా తన బలంలో పెద్ద భాగాన్నే పోగొట్టుకుంటుంది. పైగా బరువుతో బిగిసి ఉన్న తాడుకు పదునైన కత్తి తాకితే క్షణంలో తెగుతుంది. చెట్టెక్కి రంపంతో కొమ్మలు కోసే పాశ్చాత్య వృత్తిపనివాళ్ళు నడుమును మానుతో కలిపే తాడు లోపల ఉక్కుతీగ ఉన్నదానిని ఎంచుకొనేది అందుకే. కమాను పట్టీ కత్తి ఎంత మంచిదైతే, పక్కనున్న నైలాను పురికి అంత ప్రమాదం.

మరి మన కల్లుగీతవాళ్ళ మోకు సంగతేమిటని మీలో ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గీతకారుడు పైన రెండు చేతులూ వదిలి కుదురుగా పని చేయాలి కనుక నడుమునూ చెట్టునూ కలిపే మోకు అతని వృత్తిలో భాగమైంది. కొబ్బరి దింపువాడు పైన ఉండేది కొద్దిసేపే, మట్టల మధ్యకు దూరి నిలదొక్కుకుంటాడు, అందుకని మా వైపు నేను చూసినవాళ్ళు కాళ్ళ బంధంతోనే సరిపెట్టుకున్నారు. మోకు ఉన్నా పడుతున్నవారున్నారు. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో "కాటమయ్య రక్షణ కవచం" పేరుతో గీతకార్మికులకు పట్టీలు, తాళ్ళతో కూడిన కిట్లు పంచడం మొదలుపెట్టింది. మంచిపని. కులదైవం పేరు పెట్టడం ఇంకా మంచి ఊహ. కానీ నా పశువులపాకలో పడున్న చట్రాలు గుర్తుకొచ్చి ఒక భయం. కిట్టు ఇచ్చేవాళ్ళు కిట్టుతో పాటు పోయే సమయానికి వెల కట్టకపోతే అది అటక మీదికి పోతుంది. అప్పుడు మళ్ళీ మనమే, "ఇచ్చినా వాడరండీ" అంటాం.

ఇంకొకటి. పట్టీ కట్టుకున్నవాడు పడడు, వేలాడతాడు. స్పృహ తప్పి పైన వేలాడే మనిషిని త్వరగా దించకపోతే అదీ ప్రాణాంతకమే. బ్రిటన్‌లో చెట్టెక్కే పనికి కనీసం ఇద్దరు ఉండాలనీ, కింద ఉన్నవాడికి పైవాణ్ణి దించడం వచ్చి ఉండాలనీ నియమం పెట్టుకున్నారు. మన దింపువాడు ఒంటరి. ఒంటరిగా ఉండడం అతని సరదా కాదు, చెట్టుకిచ్చే ఆ డబ్బు ఇద్దరికి చాలదు.

ఇక్కడ తోటల రైతులు నా మీద విరుచుకుపడతారని తెలుసు. కాయ ధర పడిపోయిన ఏడు, దింపు కూలికే సరిపోదన్న మాట నేనూ విన్నాను, అబద్ధం కాదు. ఎకరాలకొద్దీ తోట ఉన్నవారికి నా దగ్గర మందు లేదు. కొత్తగా నాటేవారు గంగాబొండాం వంటి పొట్టి రకాలను చూడవచ్చు, అంతే చెప్పగలను. నేను మాట్లాడుతున్నది పెరటిచెట్ల గురించి. నా ఎనిమిది చెట్లకు మనిషిని చెట్టు లెక్కన కాక పూట లెక్కన పెట్టుకుంటే, ఏడాదికి ఆరు దింపులకు కలిపి అదనంగా అయ్యేది నెలకొక సెల్‌ఫోను రీచార్జి పాటి ఖర్చు. ఈ టపా చదివేవారిలో చాలామందికి ఊళ్ళో అమ్మానాన్నల ఇంట్లో నాలుగు చెట్లుంటాయి. హైదరాబాదు నుండో అమెరికా నుండో ఫోను చేసినప్పుడు "దింపు తీయించారా" అని అడుగుతారు. చెట్టుకెంత ఇచ్చారు, కింద ఎవరు నిలబడ్డారు అని కూడా అడగండి.

పశువులపాకలోని చట్రాలు ఇప్పుడు బయటికి వచ్చాయి. బాబాయి అక్క మనవడు, ఇరవై నాలుగేళ్ళవాడు, వాటితో ఎక్కుతున్నాడు. పూట కూలి, నడుముకు కొన్న పట్టీ, ఫోను జేబులో. కింద నేను నిలబడతాను. పైవాణ్ణి దించడం నాకు రాదు, కేకలు వేయడం మాత్రం వచ్చు. బాబాయి అరుగుమీద కూర్చుని మోపెడ్ కత్తులకు పదును పెట్టి ఇస్తాడు. పోయిన దింపు ఎనిమిది చెట్లకు మధ్యాహ్నం దాటింది.

ఆ రోజే ఒక తగాదా వచ్చింది. మానును ఆనే చోట చట్రానికున్న రబ్బరు అరిగిపోయింది. అసలు రబ్బరు తెప్పించాలంటే రోజులు పడుతుందని, పాత టైరు ముక్క కోసి బిగిస్తానంటాడు కుర్రాడు. బాబాయి కూడా వాడి పక్షమే. అది కోసేదా, మోసేదా అని అడిగాను. ఇద్దరూ నవ్వారు. చట్రాలు మళ్ళీ పాకలో పెట్టించి తాళం వేశాను. వచ్చే దింపుకు ఇంకా మూడు వారాలుంది.