విశ్లేషణ: మందుచీటీతో ముగియని వైద్యం.. పాండేసర చెబుతున్న కొలెస్ట్రాల్ పాఠం

సూరత్: సూరత్‌లోని పాండేసర పారిశ్రామికవాడలో అద్దకం, ముద్రణ మిల్లులు రేయింబవళ్లు నడుస్తాయి. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బిహార్ కార్మికులతో పాటు, తెలంగాణ జిల్లాల నుంచి నేత పనికి తరలివెళ్లిన కుటుంబాలు ఈ నగరంలో తరాలుగా స్థిరపడ్డాయి. పన్నెండు గంటల షిఫ్టు, రాత్రి జాగరణ, నూనె వంటకాలు, పొగాకు.. ఇవన్నీ గుండెకు ముప్పు తెచ్చేవే. కొలెస్ట్రాల్ పెరిగినా నొప్పి ఉండదు. చాలామందికి తొలి హెచ్చరిక గుండెపోటో, పక్షవాతమో అవుతోంది.

సమస్య ఒక్క నగరానిది కాదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం, దేశంలోని వయోజనుల్లో 24 శాతం మందికి మొత్తం కొలెస్ట్రాల్ అధికంగా ఉంది. రక్తంలోని కొవ్వుల్లో ఏదో ఒక అసమతుల్యత ఉన్నవారు 81.2 శాతం.

ఈ నేపథ్యంలో కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో భారతీయుల కోసం మార్గదర్శకాలు ప్రకటించింది. చెడు కొలెస్ట్రాల్‌గా పిలిచే ఎల్‌డీఎల్, ముప్పు తక్కువగా ఉన్నవారిలో డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. మధుమేహం, రక్తపోటు వంటి అధిక ముప్పు ఉన్నవారిలో 70 లోపు, గుండెపోటు వచ్చినవారి వంటి అత్యధిక ముప్పు వర్గంలో 55 లోపు ఉండాలి. తొలి పరీక్షకు పరగడుపు తప్పనిసరి కాదన్న సూచన షిఫ్టు కార్మికులకు కీలకం. పరీక్ష కోసం పూట కూలి వదులుకోవలసిన అవసరం తగ్గుతుంది.

అయితే లక్ష్యం ఒకటైతే, దాన్ని చేరడం మరొకటి. స్టాటిన్ మాత్రలు మొదలుపెట్టాక సాధారణంగా 4 నుంచి 12 వారాల్లో మళ్లీ పరీక్షించి మోతాదు సరిచూడాలి. అంకె తగ్గగానే ‘నయమైంది’ అనుకొని మాత్రలు మానేస్తే కొలెస్ట్రాల్ తిరిగి పెరుగుతుంది. ఇక్కడే వైద్యుడొక్కడు చాలడు. కండరాల నొప్పులు వస్తే సొంతంగా మందు ఆపవద్దని చెప్పే నర్సు, ఇతర మందులతో పొసగుతుందో లేదో చూసే ఫార్మసిస్టు, మెస్ భోజనంలోనే మార్పులు సూచించే పోషకాహార నిపుణులు, గడప దాకా వచ్చే ఆశా కార్యకర్త కలిస్తేనే చికిత్స నిలుస్తుంది.

విధానంలోనూ లోటు కనిపిస్తోంది. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం చేపట్టిన జనాభా ఆధారిత పరీక్షలు ప్రధానంగా రక్తపోటు, మధుమేహం, మూడు రకాల క్యాన్సర్లకే పరిమితం. ఆయుష్మాన్ భారత్ బీమా ఆసుపత్రిలో చేరితే వర్తిస్తుంది. నెలనెలా మింగవలసిన మాత్రలకు కాదు. అటోర్వాస్టాటిన్ జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నా, పండుగకు సొంతూరు వెళ్లిన కార్మికుడికి అక్కడ పాత రికార్డు, అదే మోతాదు అందకపోతే చికిత్స తెగిపోతుంది.

సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోంది. పిల్లల చదువుకు గుర్తించిన మాతృభాష అవసరాన్ని పెద్దల వైద్య సలహాకూ గుర్తించాలి. మాత్ర ఎందుకు వేసుకోవాలో తన భాషలో అర్థమైన రోగి దాన్ని మధ్యలో వదిలే అవకాశం తక్కువ. షిఫ్టు వేళలకు తగిన పరీక్షలు, ఊరు మారినా వెంట వచ్చే రికార్డు, అర్థమయ్యే భాషలో సలహా.. ఈ మూడూ ఖరీదైనవి కావు. చికిత్స అందని గుండెపోటు మాత్రం కుటుంబ సంపాదననే మింగేస్తుంది.