నిద్రమాత్ర విషయంలో ఉద్దానం కుటుంబాలకు విజ్ఞప్తి

కిడ్నీ జబ్బు ముదిరినవారికి రాత్రిళ్లు కంటిమీద కునుకుండదు. ఒళ్లంతా దురద, కాళ్ల లాగుడు, ఆయాసం, తెల్లారితే డయాలసిస్‌కు వెళ్లాలన్న దిగులు. ఉద్దానంలోని కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలకు ఇది కొత్త సంగతి కాదు. ఆ బాధ చూడలేక ఇంట్లోవాళ్లు పక్కింటి నుంచి ఆల్ప్రజోలం అనే నిద్రమాత్ర అడిగి తెచ్చి వేస్తే, అది ప్రేమతో చేసిన పనే. అయినా ఆ పని దయచేసి చేయవద్దు.

ఆల్ప్రజోలం జాతి మందులు చెడ్డవని కాదు. ఆగని ఫిట్స్‌లో డయాజెపామ్, లోరాజెపామ్ ఇంజెక్షన్లు ప్రాణం నిలబెడతాయి. తాగుడు మానేటప్పుడు వచ్చే వణుకును క్లోర్‌డయాజెపాక్సైడ్ అదుపు చేస్తుంది. ఈ జాతి మందుల్లో మొట్టమొదట, 1960లో లిబ్రియం పేరుతో అమ్మకానికి వచ్చింది అదే. కానీ నెలల తరబడి మింగితే ఒళ్లు అలవాటు పడిపోతుంది, ఒక బిళ్ల చాలక రెండు కావాలనిపిస్తుంది. మద్యంతోనో, ట్రమడాల్ లాంటి నొప్పిమందుతోనో కలిస్తే ఊపిరి మందగిస్తుంది.

కిడ్నీ రోగికి ముప్పు ఇంకా ఎక్కువ. మత్తు త్వరగా దిగదు, మాట తడబడుతుంది, రాత్రి లేచినప్పుడు తూలిపడి ఎముక విరుగుతుంది. డయాలసిస్ చేసినా ఈ మందు ఒంట్లోంచి పెద్దగా పోదు. నరాల నొప్పికిచ్చే గబాపెంటిన్, ప్రెగాబలిన్ మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. మోతాదు తగ్గించకుండా వాడితే అవీ మత్తులో ముంచుతాయి.

ఆల్ప్రజోలం, డయాజెపామ్ 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికి వస్తాయి. నైట్రాజెపామ్, జోల్పిడెమ్‌తో పాటు ఇవి మందుల అమ్మకం నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్1లోనూ ఉన్నాయి. 2014 మార్చి 1న అమల్లోకి వచ్చిన ఆ నిబంధన ప్రకారం డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. చీటీ రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. పలాస, కాశీబుగ్గ, టెక్కలి మందుల షాపులవారు తెలిసిన మొహమే కదా అని దీన్ని సడలించవద్దు.

ఇప్పటికే అలవాటైనవారు ఒక్కసారిగా మానేయకూడదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు పెరిగి, ఇవే మందులు కలిపిన కల్లు దొరకకుండా పోయింది. నిజామాబాద్ లాంటి జిల్లాల్లో జనం ఫిట్స్‌తో, మతి చెదిరి ఆసుపత్రుల పాలయ్యారు. డాక్టరు చెప్పినట్టు మోతాదు మెల్లగా తగ్గించుకోవాలి. దిగులే నిద్రను చెడగొడుతుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈసారి పలాస కిడ్నీ ఆసుపత్రికో, టెక్కలి జిల్లా ఆసుపత్రికో వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న బిళ్లల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్లండి. ఏది ఎవరిచ్చారో, ఎన్నాళ్లుగా వాడుతున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి.