కిరాయికి ఎగిరితే లెక్క వేరు

జనగామ పత్తి చేలల్లో, మహబూబాబాద్ మిర్చి తోటల్లో ఇప్పుడు మందు కొట్టడానికి డ్రోన్ వస్తోంది. ఎకరానికింతని కిరాయి మాట్లాడుకుంటే నిమిషాల్లో పనైపోతుంది. ఎగరేసే కుర్రాడికి సర్టిఫికెట్ ఉందా అని అడిగే రైతు అరుదు. అడగాలి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు డబ్బు దగ్గరే గీత గీశాయి. 250 గ్రాములు దాటి రెండు కిలోల లోపున్న డ్రోన్‌ను సరదాకు ఎగరేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అదే డ్రోన్‌తో పెళ్లి వీడియో తీసి రూపాయి పుచ్చుకుంటే కావాలి. మందు డ్రోన్లు అంతకంటే చాలా బరువు, వాటికి ఆ మినహాయింపూ లేదు. డ్రోన్‌కు గుర్తింపు సంఖ్య, థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. గాలికి మందు పక్క చేనుమీద పడి పైరు మాడితే నష్టం ఎవరు కట్టాలి? అప్పుడు గానీ ఈ కాగితాలు గుర్తుకు రావు.

హెలికాప్టర్ సంగతి ఇంకా కఠినం. మేడారం జాతరకు హనుమకొండ నుంచి భక్తులను చేరవేసే పైలట్‌కు కమర్షియల్ లైసెన్సు ఒక్కటే చాలదు, నడిపే సంస్థకు డీజీసీఏ పర్మిట్ విడిగా ఉండాలి. ప్రైవేటు లైసెన్సుదారు చార్జీ తీసుకుని ఎవరినీ ఎక్కించుకోకూడదు. 2025 జూన్ 15న కేదార్‌నాథ్ దగ్గర యాత్రికుల హెలికాప్టర్ కూలి ఏడుగురు చనిపోయారు.

వచ్చే జాతరకైనా పర్మిట్, బీమా వివరాలు టికెట్ మీదే అచ్చువేయించాలి. సర్టిఫికెట్ ఉన్న డ్రోన్ పైలట్ల జాబితా ప్రతి రైతు వేదికలో అంటించాలి.