పదో తరగతి ఇంగ్లీష్: ఆ 35 మార్కుల మెటీరియల్ మనకొద్దు



పోస్టు కొంచెం పొడుగుంటది. ఇంట్ల తమ్ముడో చెల్లెలో పదో తరగతి చదువుతుంటే మాత్రం చివరిదాకా చదవాలె. డిగ్రీ హాస్టల్ల ఒక్క రూముల ఉండే ఆరుగురం మాట్లాడుకొని ఇది రాస్తున్నం. మాలో ఇద్దరం గోండులం, ఒకరు కోయ, ఇద్దరు తాండా నుంచి వచ్చినోళ్ళు, ఒకరు కొలాం. మా ఆరుగురి ఇండ్లల్ల మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినోళ్ళు లేరు.

సూటిగా చెప్తం. జనవరి రాంగనే మన ఆశ్రమ బళ్ళల్ల పదో తరగతి పిల్లల్ని మూడు గుంపులు చేస్తరు. బాగా చదివేటోళ్ళు ఒక దిక్కు, మధ్యరకం ఒక దిక్కు, గట్టెక్కితే చాలు అనేటోళ్ళు ఇంకో దిక్కు. ఈ మూడో గుంపుకి ఇంగ్లీష్ పుస్తకం మూయించి జిరాక్స్ కాగితాలు చేతిల పెడతరు. అండ్ల ఒక లెటర్, ఒక డైరీ, ఒక కన్వర్జేషన్, ఒక బయోగ్రాఫికల్ స్కెచ్ ఉంటయి. ఏ ప్రశ్న వచ్చినా పేర్లు మార్చి అదే దించెయ్యాలె. దాని పేరే 35 మార్కుల మెటీరియల్. మాలో నలుగురం ఆ మూడో గుంపులకెళ్ళే వచ్చినం, పాస్ కూడా అయినం. అయినా అది వద్దనే అంటున్నం.

మొదటి సంగతి, అది చేస్తానన్న పని కూడా సరిగ చెయ్యదు. పేపర్ల ఏమడుగుతరో ఒక్కసారి చూడుండ్రి. పాఠాల్లకెళ్ళి తీసిన పేరాలు ఇచ్చి ప్రశ్నలడుగుతరు. ఎన్నడూ చూడని పేరా ఒకటిస్తరు. తప్పులు దిద్దమంటరు. ఆ తర్వాత డిస్కోర్స్, అంటే పాఠంల ఒక సందర్భం చెప్పి, ఆ మనిషి ఆ రాత్రి డైరీల ఏం రాసుకుంటడో, పక్కోనితో ఏం మాట్లాడుతడో రాయమంటరు. కథ తెల్వకుండ అది ఎట్ల రాస్తం? మాలో ఒకరి బడిలో ప్రీఫైనల్‌ల 'ది స్టోరీడ్ హౌస్' పాఠం మీద డైరీ వచ్చింది. బయాజీ జీవితాంతం ఓడరేవుల పనిచేసి, రిటైరై, దాచుకున్న పైసలతోని ఊళ్ళె మేడ కట్టుకుంటడు. దళితుడు మేడ కట్టుడేందని ఊరి పెద్దకులపోళ్ళకు కంట్లె పడ్తది. గృహప్రవేశం నాడే ఇల్లు తగలబడ్తది, బయాజీ చనిపోతడు. ఆ కొడుకు డైరీ రాయమంటే మన తమ్ముడొకడు మెటీరియల్ల ఉన్నదున్నట్టు దించిండు. టుడే ఈజ్ ది మెమరబుల్ డే ఇన్ మై లైఫ్, ఐ యామ్ వెరీ హ్యాపీ అని. తండ్రి చచ్చిన రాత్రి! క్లాసంత నవ్విండ్రట. వానిది తెలివితక్కువ కాదు. వానికి ఆ కథ ఎవ్వరూ చెప్పలేదు, డైరీ మాత్రం ఇచ్చిండ్రు.

రెండో సంగతి మాకు ఇంకా పెద్దది. ఆ పుస్తకంల మన బతుకు ఉన్నది. 'అవర్ వరల్డ్ త్రూ ఇంగ్లీష్' అనే ఆ పుస్తకాన్ని గైడుతోని చదివితే కనబడదు. కథ లెక్క చదివితే కనబడ్తది. (ఆంధ్ర దిక్కు తమ్ముళ్ళకి 2024-25 నుంచి పదోల ఎన్‌సీఈఆర్టీ పుస్తకం వచ్చింది. అల్లూరి జిల్లా, పార్వతీపురం మన్యం పిల్లలకు పాఠాలు వేరే, తిప్పలు మాత్రం ఇవే.)

'ది జర్నీ' పాఠం తీసుకోండ్రి. రాసినాయన యేషే దోర్జీ థోంగ్చి. అరుణాచల్ ప్రదేశ్‌ల షెర్దుక్పెన్ అనే చిన్న తెగ ఆయనది. అస్సామీల రాస్తడు, 2005ల సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, ఐఏఎస్ కూడా చేసిండు. అంటే మనసొంటి ఒక గిరిజన రచయిత కథ మన పదో తరగతి పుస్తకంల ఉన్నది, ఈ సంగతి మాకు బడిలో ఒక్కరూ చెప్పలేదు. కథ ఇంత మాత్రమే: కొడుకు చదువుకొని ఆఫీసర్ అయిండు. ఊరి నుంచి రోడ్డు దాకా నడిచిపోవాలె. పెట్టె మోసే మనిషి దొరకడు, ముసలి నాయన మోస్తడు. కొడుక్కి మోసుడు రాదు. బడికి పోయినోడు కాబట్టి నేర్వలేదు, మోయాలంటే నామోషీ కూడా. తొవ్వల ఎదురొచ్చినోళ్ళు చూస్తుంటరు. ఆఖరికి కథ నాయన ఒట్టి కాళ్ళ దగ్గరికొస్తది.

హాస్టల్‌ల చేర్పించే రోజు మన పెట్టెలు ఎవరు మోసిండ్రు? వాగు దాటి, ఆటో ఎక్కేదాకా, తలకాయ మీద. బస్టాండ్ల క్లాస్‌మేట్ కనపడితే నాయనకు నాలుగడుగులు దూరంగ నిలబడ్డోళ్ళు ఈ గ్రూపుల ఎంతమందో ఎవరికి వాళ్ళకే ఎరుక. ఈ కథ మీద డైరీ రాయడానికి మన పిల్లలకు మెటీరియల్ కావాల్నా? హైదరాబాద్‌ల కార్పొరేట్ బడి పిల్లలు ఊహించుకొని రాయాలె, మనోళ్ళు గుర్తుచేసుకొని రాస్తే సరిపోతది.

ఇంకోటి 'వాట్ ఈజ్ మై నేమ్'. పి. సత్యవతి మేడమ్ తెలుగుల రాసిన 'ఇల్లలకగానే' కథకి అది ఇంగ్లీష్ రూపం. ఒకామె ఇల్లు అలుకుతా అలుకుతా తన పేరే మర్చిపోతది, ఎవరినడిగినా చెప్పరు. మన దగ్గర బడిల వేసేటప్పుడు "గీ పేరేంది, మాకు నోరు తిరగదు" అని సార్లు వేరే పేరు రాసిన పిల్లలు ఎంతమంది! పుట్టిన తారీఖు కూడా అంతే, సగం గూడెం జూన్ నెలల్నే పుట్టినట్టుంటది. మా రూముల ఇద్దరికి ఇంట్ల ఒక పేరు, మెమోల ఒక పేరు. ఆ పాఠం వచ్చినప్పుడు క్లాసుల ఈ ముచ్చట తీస్తే పదో తరగతి పిల్లలు గంటసేపు మాట్లాడుతరు. తియ్యలేదు. "ఇది ఇంపార్టెంట్ కాదు, వదిలెయ్యండి" అన్నరు.

మాలో ఒకరి అక్క సంగతి రాయాలె. అడిగినం, పేరు లేకుండ రాయమన్నది. ఆమెకు పదోల ఒక్క ఇంగ్లీష్‌ల పోయింది. ఫలితాలొచ్చేది ఏప్రిల్ ఆఖర్లనో మే మొదట్లనో, సప్లిమెంటరీ జూన్ల. ఆ నడుమ నెల మన దిక్కు ఎట్లుంటదో చెప్పాల్నా? తునికాకు సీజన్, పెండ్లిళ్ళ సీజన్. జూన్ వచ్చేటాలకు ఆమె వేరే తాండాల కోడలు. ఇప్పటికీ ఆ పేరు మర్చిపోయిన ఆమె కథ లంబాడీల పొల్లు పోకుండ చెప్తది, చెప్తుంటే పక్కింటోళ్ళు పని ఆపి వింటరు. కథ ఆమెకు పూర్తిగ వచ్చు. దాన్ని పది చిన్న ఇంగ్లీష్ వాక్యాలు చేసుడు మాత్రం ఎవ్వరూ నేర్పలేదు. ఆమెతోని బట్టీ పట్టించింది హాస్టల్ వసతుల గురించి కలెక్టర్‌కి రాసే లెటర్!

సార్లందరినీ తిడుతున్నమని అనుకోవద్దు. మాకు ఇంగ్లీష్ చెప్పింది కాంట్రాక్టు సార్. జీతం నెలల తరబడి రాకున్నా రాత్రి స్టడీ అవర్‌కి వచ్చేటోడు. పైకెళ్ళి పాస్ పర్సంటేజ్ అడుగుతరు, కథ తెలిసిందా అని ఎవరడుగుతరు? ఆయన మాట కూడా పెట్టాలె: "మీరు చెప్పేది బాగనే ఉంది, కానీ మూడు నెలల్ల చదవడమే రాని పిల్లలకి కథలు చెప్పుకుంట కూసుంటే మార్చిల ఎవరు జవాబు చెప్పాలె?" ఈ మాటకు విలువ ఉంది. అక్షరాలు కూడబలుక్కునే పిల్లలు ప్రతి హాస్టల్లో ఉన్నరు, వాళ్ళకు పాస్ అనేదే మొదటి మెట్టు. కానీ కూడబలుక్కునే పిల్లలే రెండు పేజీల రాని ఇంగ్లీష్‌ని బొమ్మ గీసినట్టు బట్టీ పట్టగలుగుతున్నరు కదా. అంత కష్టపడేటోళ్ళు సొంతంగ పది వాక్యాలు నేర్వలేరా? ఒకసారి నేర్చిన వాక్యాలు డైరీకి పనికొస్తయి, లెటర్‌కి పనికొస్తయి, కన్వర్జేషన్‌కి పనికొస్తయి. బట్టీ పట్టిన డైరీ డైరీకి కూడా పనికిరాదని పైన చూసినం.

అసలు చిక్కు ఇంకోటుంది. మన పిల్లలకు ఇంగ్లీష్ రెండో భాష కాదు. ఇంట్ల గోండీ, కోయ, కొలామీ, లంబాడీ. బడిల తెలుగు. దాని మీద హిందీ, దాని మీద ఇంగ్లీష్. గైడుల 'రిలక్టెంట్' అనే మాటకు 'విముఖత గల' అని అర్థం రాస్తరు. ఆ విముఖత అంటే ఏందో మాకు డిగ్రీకి వచ్చినంక తెలిసింది. తెల్వని మాటకు ఇంకో తెల్వని మాట అర్థం. అదే మాట ఇంటి భాషల ఒక్కసారి చెప్తే పిల్లగాడు జన్మల మర్చిపోడు. ఇంకో ముచ్చట, 2022-23 నుంచి సర్కారు బళ్ళల్ల ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం పెట్టిండ్రు. ఆ పిల్లలు ఇప్పుడు పదోకి వస్తున్నరు. వాళ్ళకి ఇంగ్లీష్ రాకపోతే పోయేది ఒక్క సబ్జెక్టు కాదు, సైన్సూ సోషలూ కూడా.

ఇంటి భాషల చెప్పుడు కొత్త ఉపాయం అనుకుంటున్నరా? 1940ల కొమురం భీం జోడేఘాట్‌ల నేలకొరిగినంక నిజాం సర్కారు మన గూడేలకు హైమన్‌డార్ఫ్‌ని పంపింది. 1943ల మార్లవాయిల టీచర్ల శిక్షణ మొదలైంది. గోండు పిల్లగాళ్ళనే టీచర్లను చేసిండ్రు, గోండీ వాచకాలను దేవనాగరి అక్షరాల్ల అచ్చువేసిండ్రు. ముందు గోండీ, తర్వాత తక్కిన భాషలు. ఎనభై ఏండ్ల కింద జైనూర్ అడవుల్ల జరిగిన పని ఇది. గుంజాల గోండీ లిపికి 2018ల యూనికోడ్ల జాగ కూడా దొరికింది, ఫోన్ల రాసుకోవచ్చు. జాతరల్ల లిపి ఫోటో స్టేటస్ పెడతం, పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఆ భాష గుర్తుకురాదు. మన పెద్దల్ల కొందరు, ముఖ్యంగ ఉద్యోగాలు చేసేటోళ్ళు, "ఇంట్ల గోండీ మాట్లాడితే ఇంగ్లీష్ చెడిపోతది" అంటరు. మాకు ఈ మాట నచ్చదు. అర్థం అయిన కథనే ఏ భాషలనైనా రాయగలం.

చెయ్యాలనుకుంటున్నది చెప్తం. సంక్రాంతి సెలవులకి, మళ్ళ నాగోబా జాతరకి ఎట్లాగూ ఇంటికొస్తం. అప్పటి నుంచి మార్చి దాకా ఆదివారాలు పట్టుకోవాలె. ఒక్క ఆదివారం ఒక్క కథ. 'ది జర్నీ', 'ది స్టోరీడ్ హౌస్', 'వాట్ ఈజ్ మై నేమ్', 'జమైకన్ ఫ్రాగ్మెంట్'. ఈ నాలుగు మస్తు. పొద్దుగాల సీనియర్ ఆ కథను ఇంటి భాషల చెప్పాలె, పుస్తకం ముట్టకుండ. తర్వాత పిల్లలు తిరిగి చెప్పాలె, ఎవరి భాషల వాళ్ళు. నవ్వులాట అయితది, కానీయండ్రి. మధ్యాహ్నం అదే కథని చిన్న చిన్న ఇంగ్లీష్ వాక్యాలు చేసుడు. హిజ్ ఫాదర్ క్యారీడ్ ది బాక్స్. హి డిడ్ నాట్ హెల్ప్. పీపుల్ సా దెమ్. ఇంత చాలు. తప్పులుంటే ఉండనీ, ముందు వాక్యం వాళ్ళదైతే అయింది. వెంట్, గేవ్, సెడ్, ఫెల్ట్, కేమ్ లాంటి ఇరవై క్రియలు జరిగిపోయిన కాలంల వస్తే డైరీ నిలబడ్తది. ఆఖర్న పుస్తకం తెరిచి అసలు పాఠం గట్టిగ చదవాలె. అప్పుడు చూడుండ్రి, కూడబలుక్కునే పిల్లలు కూడా ముందేమొస్తదో తెలుసు కాబట్టి ఎట్ల ఉరుకుతరో. తప్పులు దిద్దే ప్రశ్నకి పాత పేపర్లు ముందేసుకొని కాలం, ఏ-యాన్-ది, ఇన్-ఆన్-ఎట్, హూ-విచ్ చూసుకుంటే చాలు, దానికి ఒక సాయంత్రం సరిపోతది.

పోయిన ఏడాది మా ఊరి హాస్టల్ల తొమ్మిది మంది పిల్లలతోని రెండు ఆదివారాలు ఇట్ల చేసినం. గొప్పలు చెప్పం, తొమ్మిది మందికి ఫస్ట్ క్లాసులేం రాలేదు. కానీ ఒక చెల్లె 'ది జర్నీ' మీద రాసిన డైరీ మా దగ్గర ఉన్నది. ఆరు లైన్లు, నాలుగు తప్పులు. అండ్ల నాయన మోసింది పెట్టె కాదు, బియ్యం మూట. పాఠంల లేదు, వాళ్ళ నాయన మోసింది అదే. సార్ దాన్ని కొట్టెయ్యలేదు.

సీనియర్లు ఇట్ల పోవాలంటే వార్డెన్ సార్, హెడ్‌మాస్టర్ పర్మిషన్ తప్పనిసరి. అడిగే లెటర్ మేము రాసి పెడతం, మీ ఊరి పేరు వేసుకుంటే చాలు. (అవును, ఇది మాత్రం ఖాళీలు నింపే మెటీరియలే.) ఆడపిల్లల హాస్టళ్ళకి అక్కలే పోవాలె, ఇద్దరికి తక్కువ కాకుండ. ఉట్నూర్, జైనూర్, తిర్యాణి దిక్కు గోండీ వచ్చినోళ్ళు మస్తుమంది ఉన్నం. భద్రాచలం దిక్కు కోయ భాషల చెప్పేటోళ్ళు కావాలె. లంబాడీకి కొదవ లేదు. కొలామీల చెప్పగలిగింది ఇప్పటికి మా రూముల ఒక్కడే, వాడు రెండు హాస్టళ్ళకే పోగలుగుతడు. కొలామీ వచ్చినోళ్ళు ఎవరున్నా, డిగ్రీ కాకున్నా, ఇంటర్ చదివినా సరే, సంక్రాంతి లోపల పేరు, ఊరు చెప్పండ్రి.