పిలుపునకు పలికేదెవరు?

అగ్నిమాపక దళమనగానే మనకు స్ఫురించేది జీతముపై పనిచేసే ప్రభుత్వ సిబ్బంది. అమెరికాలోని చిన్న పట్టణములలో అట్లు కాదు. అక్కడ పిలుపు అందగానే పనిముట్లు వదలి పరుగున వచ్చే వడ్రంగి, బడిపంతులు, దుకాణదారు - వీరే దళము. వీరిలో అధికులకు వేతనము లేదు.

1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో ‘యూనియన్ ఫైర్ కంపెనీ’ని నెలకొల్పినాడు. ప్రతి సభ్యుడు తోలు బకెట్లను సిద్ధముగా ఉంచుకోవలెను. నెలసరి సమావేశమునకు రాకున్న జరిమానా. ఆ సొమ్ముతో యంత్రములు, నిచ్చెనలు కొన్నారు. నాకీ జరిమానాయే మిక్కిలి నచ్చినది! స్వచ్ఛంద సేవ అంటే తోచినపుడు చేయుట, తోచనపుడు మానుట అని మన విద్యార్థి సంఘముల అభిప్రాయము. చేరుట మాత్రమే ఐచ్ఛికము. చేరిన పిమ్మట నియమము నియమమే.

నేడు ఆ దళములకు వచ్చే పిలుపులలో మంటలు స్వల్పము. గుండెనొప్పి, రోడ్డు ప్రమాదము, మెట్లపై జారిపడిన వృద్ధురాలు, ఊరకే మ్రోగిన అలారము - ఇవే అధికము. ఇవి చప్పట్లు లేని పనులు. 1984లో సుమారు 8,98,000 మంది ఉన్న స్వచ్ఛంద సభ్యులు 2020 నాటికి 6,77,000కు తగ్గినారు. యువతలో సేవాభావము నశించినదని నిందించుట సులభము; నేనంగీకరించను. బ్రతుకుతెరువు దూర నగరములలో ఉన్నవాడు పట్టపగలు ఊరిలో ఎట్లుండగలడు?

ఆంధ్రప్రదేశ్‌లో 2005లో 108 సేవ ఆరంభమైనది. అయినను ఆ వాహనము చేరులోపు రోగి ప్రక్కన ఉండేది మనమే. కావున ఏటేటా ప్రథమచికిత్స శిక్షణ ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీ వారిని కోరుచున్నాను. హాజరుపట్టీ ఉండవలెను; రానివారికి జరిమానా కూడ.