నిచ్చెన ఎక్కేది ఎవరు?

‘‘లైట్లు కట్టడానికి 980 డాలర్లా?’’ మామయ్యగారు తాగుతున్న కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. ‘‘ఎనభై ఆరు వేలమ్మా! ఆ డబ్బుతో మన ఊళ్లో పెళ్లికి వీధంతా లైటింగ్ పెట్టించి, గేటు దగ్గర నెమలి బొమ్మ కూడా వేయించొచ్చు.’’

ఆయన మాటలో తప్పేం లేదు. పైగా లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మనిషి. ముప్ఫై ఏళ్లపైన స్తంభాలెక్కిన ఆయనకి, ఇంటి చూరుకి నాలుగు బల్బులు తగిలించడానికి మనిషిని పెట్టుకోవడం అంటే ఎలా ఉంటుంది? అన్నం కలిపి పెట్టడానికి మనిషిని పెట్టుకున్నట్టే ఉంటుంది కదండీ.

కానీ మావారు మాత్రం మారు మాట్లాడకుండా తన కుడి మడమ కేసి చూసుకున్నారు.

ఆ కథ చెప్పాలి మీకు. డాలస్ పక్కన మేముండే కాలనీలో అక్టోబరు నుంచే లైట్ల హడావుడి మొదలవుతుంది. మనవాళ్లు దీపావళికి పెడతారు, పక్కవాళ్లు క్రిస్మస్‌కి పెడతారు. జనవరి దాకా వీధి వీధంతా జాతరే. 2022లో థాంక్స్‌గివింగ్ మర్నాడు మావారికి పౌరుషం వచ్చింది. అంగడికి వెళ్లి ఆరు పెట్టెల లైట్లు, ఓ అల్యూమినియం నిచ్చెన తెచ్చారు. ‘‘పట్టుకోనా?’’ అని నేనడిగితే, ‘‘నువ్వు లోపల పప్పు చూసుకో’’ అన్నారు. పప్పు మూడో విజిల్ వేసేలోపు బయట దబ్బుమని చప్పుడు.

పడింది ఆరో మెట్టు మీంచే. అంటే నా ఎత్తు కంటే కాస్త ఎక్కువ, అంతే. కానీ మడమ మీద పడ్డారు. ఎముక పిండి పిండి అయింది. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. రెండు నెలలు కాలు నేల మీద పెట్టకూడదన్నారు. ఇన్సూరెన్సు పోగా మా వాటా 4 వేల చిల్లర డాలర్లు. నాలుగేళ్లపాటు మనిషిని పెట్టి లైటింగ్ చేయించుకునే డబ్బు, ఒక్క మధ్యాహ్నంలో హారతి కర్పూరం అయిపోయింది. ఆ తర్వాత రెండేళ్లు మా ఇంటికి లైట్లే లేవు. గుమ్మంలో ప్రమిదలు పెట్టుకుని సరిపెట్టుకున్నాం.

ఇదేదో మా ఒక్కరికే జరిగిందనుకున్నాను. ఇక్కడ వినియోగదారుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ చెప్పే లెక్క ఏమిటంటే, పండగల సీజన్‌లో ఇల్లు అలంకరించుకోబోయి గాయాలపాలయ్యేవాళ్లు రోజుకి సుమారు 160 మంది. అందులో దాదాపు సగం పడిపోయినవాళ్లే. ఆసుపత్రిలో నర్సు మావారిని చూడగానే ‘‘క్రిస్మస్ లైట్లా?’’ అని అడిగిందంటే చూడండి మరి.

ఈ ఏడాది మామయ్యగారు, అత్తయ్యగారు సెప్టెంబరులో వచ్చారు. మా చిన్నాడు ‘‘తాతా, మన ఇంటికి లైట్లు ఎందుకుండవు?’’ అని అడిగాడు. తాత వెంటనే లేచి గరాజ్‌లో నిచ్చెన వెతకడం మొదలుపెట్టారు. డెబ్భై దాటిన మనిషి! అప్పుడు నేను గట్టిగా చెప్పేశాను, ‘‘మామయ్యా, ఈసారి మనుషుల్ని పెట్టిద్దాం. మీరు కుర్చీలో కూర్చుని అజమాయిషీ చేయండి’’ అని. అజమాయిషీ అనేసరికి కాస్త మెత్తబడ్డారు.

మూడు కంపెనీలకి ఫోన్ చేశాం. ఇళ్లకి పండగ లైట్లు కట్టడమే ఇక్కడ ఒక పెద్ద వృత్తి. ఎండాకాలమంతా గడ్డి కోసేవాళ్లు, కిటికీలు కడిగేవాళ్లు చలికాలం రాగానే ఈ పనిలోకి దిగుతారు. ఒకాయన 650 అన్నాడు, ఇంకొకాయన 980, మూడో ఆయన 1,400. మావారు 650 వైపు చూశారు. మామయ్యగారు ధర గురించి ఒక్క ముక్క అడగలేదు.

‘‘పైకెక్కే కుర్రాడికి ఏమన్నా అయితే ఎవరు చూస్తారో కనుక్కో’’ అన్నారు.

నేను నవ్వేశాను. ‘‘ఇది అమెరికా మామయ్యా, అన్నిటికీ ఇన్సూరెన్సు ఉంటుంది’’ అన్నాను. మొహమాటంగానే 650 ఆయన్ని అడిగాను. ‘‘మీ ఇంటికి నష్టం జరిగితే ఇన్సూరెన్సు ఉంది. పనివాళ్లంటారా, వాళ్లంతా సొంత కాంట్రాక్టర్లు. వాళ్ల సంగతి వాళ్లదే’’ అన్నాడు తాపీగా.

ఆ తర్వాత తెలుసుకుంటే నోరెళ్లబెట్టాను. పనివాడికి దెబ్బ తగిలితే వైద్యం, జీతం ఇచ్చే ‘వర్కర్స్ కాంపెన్సేషన్’ బీమాని దాదాపు అన్ని రాష్ట్రాలూ తప్పనిసరి చేశాయి. టెక్సాస్‌లో మాత్రం చాలావరకు ప్రైవేటు యజమానులు అది తీసుకోవాలా వద్దా అన్నది వాళ్లిష్టం. అంటే మా ఇంటి కప్పు మీంచి ఓ కుర్రాడు జారిపడితే, వాడి గతి వాడిదే కావచ్చు. మావారికి కనీసం మంచి ఉద్యోగం, ఆ ఉద్యోగం ఇచ్చిన ఇన్సూరెన్సు ఉన్నాయి. వాడికి ఏముంటుంది?

980 ఆయన మాత్రం అడిగిన సాయంత్రమే కాగితాలు పంపించాడు. కాగితం వాళ్ల బీమా ఏజెంటు దగ్గర్నుంచే నేరుగా నా మెయిల్‌కి వచ్చింది. అందులో రెండూ ఉన్నాయి, మన ఇంటి నష్టానికి ఒకటి, పనివాళ్లకి ఒకటి. ఆయన్నే ఖాయం చేశాం.

పని రోజు ఇద్దరు వచ్చారు. మామయ్యగారు వాకిట్లో కుర్చీ వేసుకున్నారు. ఆ పని చూస్తే నాకు అర్థమైంది, మావారు చేసిందేమిటో, వీళ్లు చేసేదేమిటో. పెట్టెలో వచ్చే రెడీమేడ్ దండలు వీళ్లు వాడరు. తీగ చుట్ట వేరు, బల్బులు వేరు. చూరు కొలుచుకుని, సరిగ్గా ఆ పొడవుకి తీగ కత్తిరించి, చివర్లో ప్లగ్గు అక్కడికక్కడే బిగిస్తారు. అడుగుకో బల్బు. మేకు కొట్టరు, స్టేపుల్ వేయరు. వాననీటి గాడికి, పెంకుల అంచుకి పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి. అందుకే దూరం నుంచి చూస్తే గీత గీసినట్టుంటుంది. మావారు కట్టినవి తడి బట్టలు ఆరేసినట్టు వేలాడేవి, పాపం.

మా ఇంటి ముందు భాగానికి 180 బల్బులు పట్టాయి. మామయ్యగారు గాల్లో లెక్క వేసేశారు. ‘‘పాత రకం బల్బు 7 వాట్లు. 180 అంటే 1,260 వాట్లు. ఇక్కడ 120 వోల్టులు, 15 ఆంప్స్ లైను. మొత్తం 1,800 వాట్లు లాగుతుంది గానీ, గంటల తరబడి వెలిగేదానికి ఎనభై శాతం దాటకూడదు. అంటే 1,440. పాత బల్బులైతే ఇక ఆ లైను మీద ఇంకేమీ పెట్టడానికి లేదు. ఇవి ఎల్ఈడీలు కాబట్టి బల్బుకి ఒక వాట్ కూడా ఉండదు. రోజూ ఆరు గంటలు వెలిగినా యూనిట్ దగ్గరే తిరుగుతుంది’’ అన్నారు. వచ్చిన మేస్త్రీకి నేను ఇంగ్లీషులో చెప్తే, ఆయన మామయ్యగారికి చెయ్యి కలిపాడు.

గోడ మీది ప్లగ్గుని కూడా వదల్లేదు మామయ్యగారు. దాని మీద చిన్న బటన్ ఉంటుంది, జీఎఫ్‌సీఐ అంటారు. మన దగ్గర ఈఎల్‌సీబీ చేసే పనే. తడి తగిలి కరెంటు లీకైతే టక్కున ఆపేస్తుంది. ‘‘నొక్కి చూపించు’’ అన్నారు. నొక్కారు, ఆగింది. మళ్లీ నొక్కారు, వచ్చింది. అప్పుడు తృప్తి.

అంతా బాగానే ఉంది గానీ ఆఖర్న ఒకటి జరిగింది. పైనున్న కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో. స్పానిష్ తప్ప పెద్దగా ఇంకో మాట రాదు. అప్పటిదాకా నడుముకి బెల్టు, తాడు కట్టుకునే చేశాడు. గరాజ్ పైన చివరి నాలుగు బల్బులు మిగిలాయి. తాడు అంత దూరం అందలేదు. కొక్కెం విప్పేసి అలా పక్కకి జరిగాడు.

‘‘ఒరేయ్, బెల్టు! బెల్టు పెట్టుకోరా!’’

వీధి చివరిదాకా వినిపించింది మామయ్యగారి గొంతు. ఆ అబ్బాయికి తెలుగేం తెలుసు? కానీ అర్థమైపోయింది. అక్కడే ఆగిపోయాడు. మేస్త్రీ గబగబా వచ్చి తాడు మార్చి కట్టాడు. పది నిమిషాలు ఆలస్యమైంది. ఆ నాలుగు బల్బులు అయ్యేదాకా మామయ్యగారు కుర్చీలో కూర్చోలేదు.

రాత్రి భోజనాల దగ్గర ఆయనంతట ఆయనే చెప్పారు. ఇన్నేళ్లలో అత్తయ్యగారికి తప్ప ఎవరికీ తెలియని సంగతి. ఆయన కింద పనిచేసే ఒక కాంట్రాక్టు కుర్రాడు, ఓ పండగ ముందు రోజు స్తంభం ఎక్కాడట. ‘‘ఐదు నిమిషాల పనేగా సార్’’ అని బెల్టు పెట్టుకోలేదు. షాకు కొట్టలేదు, ఏం లేదు. కాలు జారిందంతే. నడుం విరిగింది. కాంట్రాక్టరు నా రిజిస్టర్లో వాడి పేరే లేదన్నాడు. పెద్దాఫీసు వాడు మా మనిషి కాదంది.

‘‘వాణ్ని ఎక్కనిచ్చింది నేనే కదమ్మా. కింద నుంచుని చూస్తూనే ఉన్నాను’’ అన్నారు మామయ్యగారు. ఆయన ఇక అన్నం తినలేదు.

ఆ మాట నన్ను వదల్లేదండీ. మడమ విరిగాక మా ఇంట్లో అందరం అనుకున్నదేమిటంటే, డబ్బు పారేస్తే ప్రమాదం పోతుందని. ఎక్కడికి పోతుంది? మావారి మీంచి ఇంకొకరి కొడుకు మీదికి పోతుంది, అంతే. అలాగని పెట్టించుకోవద్దని కాదు. వాళ్లకది బతుకుతెరువు, మనకంటే పనితనం ఉన్నవాళ్లు. కాకపోతే మనం ఇచ్చే డబ్బులో ఆ కుర్రాడి బెల్టు, బీమా కూడా ఉన్నాయో లేదో చూసుకోవాలి. 650కి, 980కి మధ్య తేడాలో చాలా భాగం అదేనని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

ఇక్కడి మన వాళ్లకి రెండు మూడు మాటలు. మనకి దీపావళికే కావాలి కాబట్టి ఆగస్టు, సెప్టెంబరుల్లోనే మాట్లాడుకోండి. 2025లో పండగ అక్టోబరు 20న వచ్చింది, 2026లో నవంబరు 8. లైట్లు మీ సొంతమా, కంపెనీవి అద్దెకా అన్నది ముందే తేల్చుకోండి. జనవరిలో విప్పడం, మధ్యలో బల్బు పోతే వచ్చి మార్చడం ఆ ధరలోనే ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. మీ కాలనీ సంఘం రూల్సు ఒకసారి చదవండి, కొన్నిచోట్ల ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తీయాలో కూడా వాళ్లే చెప్తారు. రంగు పసుపు ఛాయ తెలుపు తీసుకుంటే దీపావళికీ, క్రిస్మస్‌కీ, సంక్రాంతికీ అదే సరిపోతుంది. బీమా కాగితం కాంట్రాక్టరు చేతి నుంచి కాకుండా ఏజెంటు దగ్గర్నుంచి తెప్పించుకోండి.

నేనే కట్టుకుంటానంటారా, సరే. నిచ్చెన ప్రతి నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు దూరంగా ఆనించండి. కింద ఇంకో మనిషి లేకుండా ఎక్కకండి. పప్పు మాడితే మాడనివ్వండి.

ఇక ఊళ్లో ఉన్నవాళ్లకి. పెళ్లికో, గృహప్రవేశానికో లైటింగ్ కుర్రాడు వస్తాడు. చెప్పుల్లేని కాళ్లతో పిట్టగోడ మీద నడుస్తాడు. స్తంభం మీది తీగకి కొక్కెం వేసి కరెంటు తెస్తాడు. మనం పందిట్లో కూర్చుని ‘ఇంకా వెలగలేదేం’ అని కేకలేస్తాం. ‘‘అలా కొక్కెం వేసే బదులు తాత్కాలిక కనెక్షన్‌కి దరఖాస్తు పెట్టుకోమని రాయమ్మా’’ అన్నారు మామయ్యగారు. రాశాను.

సరదాకి ఒక చిన్న సంగతి. కరెంటు బల్బులతో క్రిస్మస్ చెట్టుని మొదట వెలిగించింది 1882లో, న్యూయార్క్‌లో. ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో ఎరుపు, తెలుపు, నీలం బల్బులు 80 పెట్టించాడు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఎవరికైనా అలాంటి చెట్టు కావాలంటే తీగలు కలపడానికి వైర్‌మన్‌ని పిలవాల్సిందే. అంటే ఈ పనికి మనిషిని పెట్టుకోవడం అమెరికా వాళ్ల కొత్త సోకేం కాదు, మొదట్నుంచీ అంతే. ఇది చెప్తే మామయ్యగారు మీసం మీద చెయ్యి వేసుకున్నారు. ‘‘చూశావా, మా వాళ్లు లేందే పండగే లేదు’’ అన్నారు.

లైట్లు జనవరి మొదటి వారంలో విప్పుతామని కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. ‘‘మా పెద్ద పండగ 14న, అది వెళ్లాక రండి’’ అని జవాబిచ్చాను. సరేనన్నారు. ఆ రోజు ఆ అబ్బాయే రావాలని మామయ్యగారి కోరిక. అత్తయ్యగారు వాడికోసం ఇప్పటి నుంచే అరిసెలకి బియ్యం లెక్క వేస్తున్నారు.