చెంచుల తాతల పేర్లు గూడేలకు చేరాలి

అహోబిలం నరసింహస్వామి చెంచులకు ఇంటి అల్లుడు. సంక్రాంతి వేళ పారువేటకు బయలుదేరే స్వామికి తొలి చుట్టాలు వాళ్లే. అదే చెంచులు అడవి హక్కు అడిగితే మాత్రం 'మీ తాత ఇక్కడే ఉన్నాడనడానికి కాగితం ఏది?' అంటున్నారు.

నేను ఆళ్లగడ్డలో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నా దగ్గర చదువుకున్న చెంచు పిల్లవాడొకడు ఇంటికొచ్చి, "సార్, మా జేజినాయన పేరు పాత రికార్డుల్లో ఉంటాదా?" అని అడిగాడు. వాళ్ల అవ్వ చెప్పిన పేర్లు, గూడెం మారిన చోట్లు నోటుబుక్కులో రాసుకొచ్చాడు. చెంచుల్లో ఒకే ఇంటిపేరువాళ్లు పెళ్లాడరు. అందువల్ల మేనమామల ఇంటిపేరు తెలిస్తే తల్లి వైపు గూడెం జాడ కూడా దొరుకుతుంది. అలా వెతకడం మొదలుపెట్టాం.

1839లో కర్నూలు నవాబు పాలన ముగిసి ఈ నల్లమల కుంపిణీ చేతికి పోయింది. 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని రిజర్వు చేసింది. 1886 నాటి కర్నూలు జిల్లా మాన్యువల్‌లోనూ, 1909లో థర్‌స్టన్, రంగాచారి తెచ్చిన ఏడు సంపుటాల్లోనూ చెంచుల ఆచారాలున్నాయి, మా పిల్లవాడి ముత్తాత లేడు. జనాభా నివేదికల్లో చెంచులంటే ఒక అంకె. పేర్ల కోసం అటవీ సెటిల్‌మెంటు దస్త్రాలు చూడాలి. అప్పటి మద్రాసు ప్రభుత్వ దస్త్రాలు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, అవీ ఇంగ్లీషులో. గూడెం నుంచి ఎవరు వెళ్లి చదవగలరు?

నిజానికి 2006 అటవీ హక్కుల చట్టం చెంచులను తాతల కాగితం అడగనే లేదు. మూడు తరాల రుజువు గిరిజనేతరులకే. గిరిజనులు 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ఆ భూమి మీద ఉంటే చాలు. పెద్దల వాంగ్మూలం, శ్మశానం, కొలుపు జరిగే చోటు, వంశవృక్షం కూడా సాక్ష్యాలేనని నిబంధనలు చెబుతున్నాయి. ఫలానా కాగితమే కావాలని పట్టుబట్టి దరఖాస్తు తోసేయకూడదు కూడా.

హక్కుకు కాగితం అక్కర్లేదు సరే, మనిషికి తన వాళ్ల పేర్లు అక్కరే. ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లలను తల్లుల నుంచి వేరుచేసిన చరిత్రపై 1997లో వచ్చిన విచారణ నివేదిక, ఆ రికార్డులను కుటుంబాలకు తెరవాలని గట్టిగా చెప్పింది. కాన్‌బెర్రాలోని ఆదివాసీ అధ్యయన సంస్థ పూర్వీకులను వెతుక్కునేవారికి ఈనాటికీ సాయం చేస్తోంది. రాసిపెట్టిన సర్కారే చూపించాలన్నది అక్కడి న్యాయం. ఇక్కడా అదే న్యాయం కావాలి.

శ్రీశైలం ఐటీడీఏ, రాష్ట్ర ఆర్కైవ్స్ కలిసి నల్లమల దస్త్రాల నకళ్లు చెన్నై నుంచి తెప్పించాలి. గూడెం వారీగా, ఇంటిపేరు వారీగా తెలుగులో సూచిక తయారుచేసి గ్రామసభలకు ఇవ్వాలి. గిరిజన పాఠశాలల టీచర్లకు నా మనవి ఒకటే: ఈ వేసవి సెలవుల్లోనే పిల్లల చేత అవ్వాతాతలు చెప్పే పేర్లన్నీ రాయించండి. పెద్దవాళ్లు పోతే ఆ పేర్లు ఏ ఆర్కైవ్‌లోనూ దొరకవు.